పదకొండు పడితే

రాక్‌ఫర్డ్, ఇల్లినాయ్
జనవరి 10, 1985

వెర్నాకు,

బాగోగులు అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. హైస్కూల్లో మాతో ఆడిన హార్వే జూల్కీ క్రిస్మస్ కార్డు వెనక నాలుగు ముక్కలు రాశాడు. మా తమ్ముడు పోయి ఇంకా ఏడాది తిరగలేదు, అప్పుడే వాడు సొంతంగా కల్పించిన ఫుట్‌బాల్ పాచికలాట పెట్టె తీసుకెళ్ళి చర్చి కింద గదిలో పరిచావట. లావోస్ నుంచి వచ్చిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి పాచికలు వేయిస్తున్నావట. బంతికీ గుమ్మడికాయకీ తేడా తెలియని వాళ్ళు మన ఊరి ఆటగాళ్ళ కార్డులు చేత్తో పట్టుకుని పకపకా నవ్వుతున్నారట.

ఆ పెట్టెలో ఏముందో నీకు తెలుసా? అరవై రెండు కార్డులు. ఒక్కో కార్డూ మన హైస్కూల్ జట్టులో ఆడిన ఒక్కో మనిషి. వాళ్ళలో నలుగురు కొరియా యుద్ధంలో పోయారు. అవి కాలక్షేపానికి పంచుకునే పేకముక్కలు కావు. ఆ మైదానం బోర్డుకి చెక్క కోసి, అంచులు నున్నగా చేసి ఇచ్చింది నేను. గజాల గీతలు గీసింది మా తమ్ముడు డెల్. అందులో నీ చెయ్యి ఎక్కడా లేదు.

అసలు నీకు ఫుట్‌బాల్ గురించి ఏం తెలుసని నేర్పుతున్నావు? పాతికేళ్ళు వాళ్ళు ఆడుతుంటే కాఫీ పోసి మేడమీదకి వెళ్ళిపోయిన దానివి.

పెట్టెను గట్టిగా కట్టి పార్సిల్ చెయ్యి. బోర్డు వంగకుండా అటూ ఇటూ అట్టలు పెట్టు. నెలాఖరులోగా నాకు అందాలి.

నార్బర్ట్

*

వెస్టర్‌ఫెల్డ్, విస్కాన్సిన్
జనవరి 18, 1985

గౌరవనీయులైన బావగారికి,

ప్రభువు శాంతి మీ ఇంట ఉండాలని కోరుకుంటూ వెర్నా రాసేది. మీ ఉత్తరం సోమవారం అందింది. రెండుసార్లు చదివాను. కాసేపు ప్రార్థన చేసుకుని మళ్ళీ చదివాను. మూడోసారి కూడా అంతే కటువుగా ఉంది.

అసలు ఇదెలా మొదలైందో చెబుతాను. మా చర్చి తరఫున లావోస్ కొండల నుంచి వచ్చిన మూడు మోంగ్ కుటుంబాలను ఈ ఊరికి తెచ్చుకున్నాం. గురువారం సాయంత్రాలు ఆడవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే పని నాకు పడింది. నేను చదివిందే హైస్కూలు. పాస్టర్ గారిచ్చిన పుస్తకంలో "ఇది పెన్సిలు, అది బల్ల" తప్ప ఇంకేమీ లేదు. మయ్ యియా అని ఒక పెద్దావిడ ఉంది. అరవై దాటింది, కొండవాలున వరి పండించిన మనిషి. రెండో వారానికే ఆవలింతలు మొదలుపెట్టింది. ఆమె కోడలు పా హువాకు కాస్త ఇంగ్లీషు వచ్చు. "ఏమీ అనుకోకండి వెర్నా గారూ. అది బల్ల అని అత్తయ్యకు తెలుసట. తర్వాత సంగతేమిటని అడుగుతోంది" అంది.

అప్పుడు మా ఆయన పెట్టె గుర్తొచ్చింది. అందులో అంకెలున్నాయి. కుడి, ఎడమ, మధ్య ఉన్నాయి. నీ వంతు, నా వంతు ఉంది. ఒక మనిషికి ముందు కావలసిన మాటలు అవేగా?

ఫుట్‌బాల్ అన్న మాటే, బంతి చంకన పెట్టుకుని పరుగెత్తడమన్న మాటే ఎత్తలేదు నేను. ఎత్తితే, మేమెప్పుడూ చూడలేదే అని బెదిరిపోతారు. "ఇది వంద గజాల నేల" అన్నాను. "నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరో నాలుగు. జరగలేకపోతే అక్కడినుంచి వంతు అవతలివాళ్ళది." మయ్ యియా కుర్చీ ముందుకు లాక్కుంది. నేల సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా!

ఎటు వెళ్తున్నామో మనం ఒక చీటీ బోర్లా పెడతాం. ఎటు వస్తామో ఊహించి వాళ్ళొకటి బోర్లా పెడతారు. రెండూ తిప్పుతాం. వాళ్ళ ఊహ నిజమైతే మన గజాలు సగమైపోతాయి. పిడికిట్లో గింజ దాచి ఏ చేతిలో ఉందో చెప్పమనే ఆట వాళ్ళకూ ఉందట. ఆ తర్వాత రెండు పాచికలు వేసి, ఎంత పడిందో మనిషి కార్డు మీద చూసుకోవడమే. తప్పులకు వేసే శిక్షలు, ఆట మధ్య గడియారం ఆపడాలు, అలాంటివన్నీ పక్కన పెట్టేశాను. మూడో వారానికి వాళ్ళు హార్వేనే ఓడించారు. ఆయన మీకు ఈ ముక్క రాసి ఉండరు.

ఒక్క దగ్గర మాత్రం పేచీ వచ్చింది. నాలుగో ప్రయత్నంలో బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకు వదిలేయొచ్చని హార్వే చెప్పారు. పా హువా చెప్పగానే మయ్ యియా ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎవరూ లాక్కోకుండానే మనది మనం ఇచ్చేస్తామా? ఈయనకు ఒంట్లో బాగుందా?" అందట. ఈ రోజువరకూ వాళ్ళు ఒక్కసారి కూడా తన్నలేదు.

మీరు సంతోషిస్తారని ఇంకో సంగతి రాస్తున్నాను. అందరికీ మీ కార్డే కావాలి. మీలా పరుగెత్తేవాడు ఆ పెట్టెలో ఇంకొకడు లేడట. మయ్ యియా అయితే మీరు దక్కితేనే కూర్చుంటుంది. పదకొండు పడి మీ చేతిలోంచి బంతి జారినప్పుడల్లా గదంతా గోల. తడబడకుండా వాళ్ళకు వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట ఏమిటో తెలుసా? "అయ్యో, నార్బర్ట్!"

పెట్టె ప్రస్తుతం పంపలేను. మన్నించండి.

మీ ఆరోగ్యం కోసం ప్రార్థించే
వెర్నా

*

రాక్‌ఫర్డ్
జనవరి 24, 1985

వెర్నా,

మెత్తగా మాట్లాడేవాళ్ళ దగ్గరే కత్తి ఉంటుందని నా అనుభవం. మొదటినుంచీ నువ్వింతే. నవ్వుతూ కాఫీ ఇస్తావు, అందులో ఏం కలిపావో తాగాక గాని తెలియదు.

"అయ్యో నార్బర్ట్" అంటున్నారా? గదంతా గోలా? అది కాగితం మీద పెట్టి, పైగా నేను సంతోషిస్తానని రాస్తావా? ఊళ్ళోవాళ్ళు ముప్ఫై ఏడేళ్ళు అన్నది చాలక, సముద్రం అవతలినుంచి మనుషుల్ని రప్పించి మరీ వాళ్ళచేత అనిపిస్తున్నావన్నమాట.

నేను పనిముట్లు చేసే మనిషిని. వెంట్రుక మందంలో తేడా వచ్చినా ముక్క తీసి అవతల పారేస్తాను. లెక్క నువ్వే చూడు. రెండు పాచికలు ముప్ఫై ఆరు రకాలుగా పడతాయి. అందులో పదకొండు పడేది రెండు రకాలుగా. అంటే డెల్ కార్డు ప్రకారం నేను పద్దెనిమిది పరుగులకొకసారి బంతి వదిలేసే మనిషిని. స్కూల్లో నేను బంతి పట్టుకుని మూడువందల సార్లు పైగా పరుగెత్తాను. మొత్తం మీద నేల మీద పడింది ఒక్కసారి. 1947 నవంబరు మొదటి శనివారం, ఆఖరి ఆట, ఆఖరి నిమిషం. ఆ ఒక్కదాన్ని పట్టుకుని వాడు జీవితకాలానికి సరిపడా రాసి పెట్టాడు.

1958 చలికాలంలో ఆ కార్డు మొదటిసారి చూశాను. పేర్లు రాసి వరసగా పేర్చి ఉన్నాయి. నాది తీశాను. పదకొండు ఎదురుగా "బంతి జారింది" అని వాడి చేతిరాత. బల్ల మీద పారేసి ఇంటికి వచ్చేశాను. మళ్ళీ ఆ బల్ల ముఖం చూడలేదు. మీరెవరూ ఎందుకని అడగలేదు కూడా.

మార్చి పదహారు, శనివారం, ట్రక్కు వేసుకుని వస్తాను. పెట్టె గుమ్మంలో పెట్టి ఉంచు. ఆ కార్డు నా చేత్తో పొయ్యిలో పడేస్తాను. చర్చి తాళం ఎవరి దగ్గరుందో నాకు తెలుసు.

నార్బర్ట్

*

వెస్టర్‌ఫెల్డ్
ఫిబ్రవరి 2, 1985

బావగారికి,

వారం రోజులు ఆగి రాస్తున్నాను. కోపంలో రాయకూడదని మా అమ్మ నేర్పింది. వారం ఆగినా తగ్గలేదు కాబట్టి రాసేస్తున్నాను.

మిమ్మల్ని దెప్పాలని నేనొక్క ముక్క రాయలేదు. వాళ్ళు మీ మీద ఇష్టంతో అరుస్తున్నారు. మీరొక మనిషనీ, రాక్‌ఫర్డ్‌లో ఉన్నారనీ కూడా వాళ్ళకు తెలియదు. ఇంత గొప్పగా పరుగెత్తే మనిషి కాబట్టి చాలాకాలం కిందటే పోయి ఉంటాడని పా హువా అనుకుంది. నేను దిద్దాను. ఇప్పుడు దిద్దకుండా ఉండాల్సిందేమో అనిపిస్తోంది.

నాకు కాఫీ తప్ప ఏమీ తెలియదన్నారు. నిజమే. ఫుట్‌బాల్ తెలియకపోవడమే ఈ పనిలో నాకు కలిసొచ్చింది. హార్వే నేర్పబోతే మొదటి పావుగంటలోనే అందరి కళ్ళూ మూతలు పడ్డాయి. తెలిసినవాడికి తెలియనివాడి ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నాకు తెలుసు. నేనూ అక్కడే నిలబడి ఉన్నాను కనుక.

ఇక మా ఆయన సంగతి. డెలివరీ గదిలో బిడ్డ దక్కలేదని డాక్టర్ చెప్పినప్పుడు తప్ప ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. ఎవరి మీదా ఒక అబద్ధం చెప్పి ఎరగరు. అలాంటి మనిషి సొంత అన్న మీద కావాలని తప్పు రాశారంటే నేనెలా నమ్మను? మీరు రాసినదాన్నిబట్టి అరవై రెండు కార్డులూ తీసి చూశాను. పరుగెత్తేవాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట బంతి జారుతుంది. మిగతావాళ్ళకు పన్నెండు దగ్గర, మీకు పదకొండు దగ్గర. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మీకు ఒక వంతు ఎక్కువే రాశారు. ఎందుకని హార్వేని అడిగాను. "ఎందుకేంటమ్మా, ఆ ఆట పోయింది వాడి వల్లే. అందరం చూశాం" అన్నారు.

జారిపోవడం పాపమా బావగారూ? మా అందరికీ ఏదో ఒకటి చేజారింది. జారింది అని ఒప్పుకుంటే పోయేదానికి ముప్ఫై ఏడేళ్ళు మొహం తిప్పుకుని తిరగడం మాత్రం నాకు పాపంలాగే కనిపిస్తోంది. పోయిన ఏప్రిల్‌లో తమ్ముడి సమాధి కార్యక్రమానికి వచ్చారు, తలుపు పక్కనే నిలబడ్డారు. కింద గదిలో మావాళ్ళు ప్రేమగా చేసిన హ్యామ్ శాండ్‌విచ్ ఒక్కటి ముట్టకుండా వెళ్ళిపోయారు. ఆ రోజు ఆడవాళ్ళందరూ నన్ను చూసిన చూపు నేనింకా మరచిపోలేదు.

చర్చి తాళం ఇప్పుడు నా దగ్గరుంది.

వెర్నా క్రాన్

*

రాక్‌ఫర్డ్
ఫిబ్రవరి 8, 1985

వెర్నా,

అందరం చూశాం అన్నాడా హార్వే? వాడు ఆ నిమిషంలో బురదలో బోర్లా పడి ఉన్నాడు.

సరే, విను. ఇది నా భార్యకు కూడా చెప్పలేదు.

వాన. వాళ్ళ గీత మూడు గజాల దూరంలో ఉంది. దాటితే గెలుపు మాది. మా జట్టులో రోజూ బంతి అందించే కుర్రాడు రెండో భాగంలో కాలు విరగ్గొట్టుకున్నాడు. వాడి బదులు డెల్‌ని దింపారు. పదిహేనేళ్ళు వాడికి. బంతిని తెచ్చి నా పొట్టలో పెట్టాలి, అంతే వాడి పని. మనిషి భయంతో బిగుసుకుపోయాడు. తెచ్చి నా మోచేతికి కొట్టాడు. బంతి నా చేతుల్లోకి రానేలేదు. రానిదాన్ని నేనెలా వదిలేస్తాను?

లేచి వాడి మొహం చూశాను. రంగు లేదు. గట్టు మీద నాన్న నిలబడి ఉన్నాడు. నాన్న సంగతి నీకు తెలుసు, నీ పెళ్ళినాటికి కాస్త మెత్తబడ్డాడు, అంతకుముందు ఆయన చెయ్యి ఎలాంటిదో నీకు తెలియదు. "నేనే జార్చాను" అని గట్టిగా అరిచాను, గట్టు దాకా వినిపించేట్టు. పెద్దవాణ్ణి, తట్టుకుంటాను అనుకున్నాను.

ఆ చలికాలమంతా నాన్న నాతో మాట్లాడలేదు. పాలు పితికేటప్పుడు "బకెట్" అనేవాడు, అంతే. దాణా కొట్టుకు వెళితే వెనకనుంచి "జాగ్రత్త రోయ్, బస్తా జారేను" అనేవాళ్ళు. వసంతం రాగానే రాక్‌ఫర్డ్ బస్సెక్కాను. పొలం డెల్‌కు వచ్చింది. ఆ ఇంట్లోనే నువ్వు ముప్ఫై ఏళ్ళు కాపురం చేశావు. నేను దాన్నీ అడగలేదు. వాణ్ణి ఒక్క మాట అనలేదు. వాడంతట వాడే ఎప్పుడో ఒకరోజు అంటాడనుకున్నాను. పదేళ్ళు చూశాను. పదేళ్ళకు వాడన్నది ఏమిటంటే, నా పేరు కింద, పదకొండు ఎదురుగా, బంతి జారింది అని.

అబద్ధం ఎరగని మనిషి అన్నావు. ఇదిగో, చూసుకో.

నార్బర్ట్

*

వెస్టర్‌ఫెల్డ్
ఫిబ్రవరి 22, 1985

బావగారికి,

మీ ఉత్తరం చదివి నేను నమ్మలేదు. అది ముందే చెప్పాలి. పోయిన మనిషి వచ్చి జవాబు చెప్పలేడు కదా, ఆ ధైర్యంతో రాస్తున్నారు అనుకున్నాను. జవాబు నాలుగు కాగితాలు రాశాను. వాటిలో ఉన్న మాటలు నేను నోటితో ఎప్పుడూ అనలేదు. బుధవారం ఉపవాస దినాలు మొదలయ్యాయి, నుదుటి మీద బూడిద పెట్టించుకుని వచ్చి ఆ కాగితాలు పొయ్యిలో వేశాను. మీ కోసం కాదు, నా కోసం వేశాను.

నిన్న గురువారం. ఎప్పటిలాగే హార్వే వాళ్ళూ వచ్చారు, ఆట మొదలైంది. పా హువాకు ఒక అలవాటు ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆయన రాసిన రూల్సు కాగితాలు వారానికొక పేజీ చదువుతుంది. చేతిరాతవి, మొత్తం ఎనిమిది పేజీలు. ఇరవై ఏడేళ్ళలో హార్వే గాని, ఆర్విల్ గాని, ఆ బల్ల దగ్గర కూర్చున్న మగవాళ్ళు ఒక్కరూ అవి తెరవలేదు. వాళ్ళకు ఫుట్‌బాల్ తెలుసు కదా, కాగితమెందుకు? నేనూ మొదటి రెండు పేజీలతో ఆపేశాను, నాకు అంతవరకే అవసరమైంది.

నిన్న ఆమె ఎనిమిదో పేజీకి వచ్చింది. మీ కార్డు అత్తగారి చేతిలోంచి తీసుకుని, "వెర్నా గారూ, ఈ పదకొండు పక్కన నక్షత్రం గుర్తు ఎందుకుంది?" అంది. ఇంకు చుక్క పడి ఉంటుందిలే అన్నాను. "కాదు, ఇక్కడ రాశారు" అని వేలు పెట్టి చూపించింది. ఆయన రాసింది యథాతథంగా ఎత్తి రాస్తున్నాను:

"నక్షత్రం ఉన్నచోట బంతి జారితే అది పరుగెత్తినవాడి తప్పు కాదు. అందించినవాడు సరిగా అందించలేదు. అందించినవాడి పేరు మీద వేయాలి."

ఇంటికి తెచ్చుకుని అరవై రెండు కార్డులూ కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాను. నక్షత్రం ఒక్కటే ఉంది. 1947 జట్టులో, మీ కార్డు మీద. మిగతావాళ్ళలా మీకు పన్నెండు దగ్గర జారదు. అంటే, మీ చేతుల్లోంచి ఎప్పుడూ ఏదీ జారలేదని రాశారు ఆయన. ఆ జట్టులో బంతి అందించినవాడి కార్డు మీద పేరు డి. క్రాన్.

మీరు చెప్పింది నిజం. అబద్ధమనుకున్నందుకు క్షమించండి. ఇది రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

నాకు ఒక్కమాట చెప్పలేదు ఆయన. ముప్ఫై ఏళ్ళు ఒకే దుప్పటి కింద పడుకున్నాం. నిన్న ఆ పేజీ చదివాక ఆటను మీరే ముగించండని చెప్పి వంటగదిలోకి వెళ్ళి, కడిగిన కప్పులే మళ్ళీ కడిగాను.

అయినా ఇప్పుడు ఆ కార్డు మీకు అవమానం కాదు కదా. కాబట్టి పెట్టె ఇక్కడే ఉండనివ్వండి. ఇక దీనితో మన తగాదా తీరిపోయిందనుకుంటాను.

వెర్నా

*

రాక్‌ఫర్డ్
ఫిబ్రవరి 27, 1985

వెర్నా,

తీరిపోయిందా? నీకు తీరింది.

నక్షత్రమట! నాకు రాక్‌ఫర్డ్‌లో ఇల్లుంది, ఇంటికి నంబరుంది, గుమ్మం పక్కన ఉత్తరాల డబ్బా ఉంది. ఫోను కూడా ఉంది. వాడు వీటన్నిటినీ వదిలేసి ఎనిమిదో పేజీలో రాసుకున్నాడు, ఎవడూ తెరవడని తెలిసిన చోట. నాకు చెప్పలేదు వాడు, అట్టముక్కకు చెప్పుకున్నాడు. చెప్పినట్టూ ఉంది, చెప్పనట్టూ ఉంది. హాయిగా నిద్రపోయి ఉంటాడు.

నేను కార్డు చూసి పారేసిన రోజున వాడు వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాడు. "నార్బ్, ఆగు" అన్నాడు. ఆగాను. మంచులో అయిదు నిమిషాలు నిలబడ్డాం. వాడు నోరు తెరవలేదు. అంత నక్షత్రం పెట్టినవాడు ఆ అయిదు నిమిషాల్లో ఆ నాలుగు మాటలూ అని ఉండొచ్చుగా?

పైగా, నువ్వు ఇప్పుడు ఏం చేశావు? నాకొక్కడికే ఉత్తరం రాశావు. కవర్లో పెట్టి, అంటించి. వాడిలాగే. ఆ గదిలో హార్వే ఉన్నాడా లేడా? నువ్వు కప్పులు కడుగుతున్నప్పుడు ఆ ముసలాళ్ళు అక్కడే కూర్చుని ఉన్నారా లేదా? నువ్వు వాళ్ళతో ఒక్క మాట అన్నావా? అనలేదు. మొగుడి పేరు చెడుతుందని వంటగదిలో దాక్కున్నావు.

నేను అడిగేది ఒకటే. పెట్టె కాదు ఇక. ఆ పేజీ ఆ బల్ల దగ్గర, వాళ్ళ ముందు, గట్టిగా చదువు. ఆ రోజు నేను అరిచినంత గట్టిగా. చదివితే పెట్టె నీ దగ్గరే ఉంచుకో. లేదంటే పదహారో తారీఖున ట్రక్కు నీ గుమ్మం ముందుంటుంది, తాళం ఎవరి దగ్గరున్నా సరే.

నీకు నోరు లేదని అందరూ అంటారు. చూద్దాం.

నార్బర్ట్

*

వెస్టర్‌ఫెల్డ్
మార్చి 8, 1985

బావగారికి,

చదివాను.

నిన్న ఏడు గంటలకు, ఆట మొదలవకముందే. హార్వే, ఆర్విల్, ఇంకో ముగ్గురు మగవాళ్ళు, మోంగ్ ఆడవాళ్ళు అయిదుగురు. నా గొంతు సంగతి మీకు తెలుసు, చర్చిలో పాడితే పక్కవాళ్ళకు కూడా వినపడదు. కాగితం బల్ల అంచుకు ఆనించి పట్టుకున్నాను. ఎనిమిదో పేజీ చదివాను. నక్షత్రం ఎవరి కార్డు మీదుందో చెప్పాను. బంతి అందించింది ఎవరో చెప్పాను. "అందించింది నా భర్త. తప్పు ఆయనది. నార్బర్ట్ దాన్ని మీద వేసుకున్నాడు, తమ్ముడి కోసం" అన్నాను. వినపడలేదని ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే, మళ్ళీ మొదటినుంచీ చదివాను.

హార్వే లేచి నిలబడ్డారు. మొహం కందిపోయింది. "చచ్చినవాడి మీద ఈ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది వెర్నా? వాడు నీకేం తక్కువ చేశాడు?" అన్నారు. "తక్కువేం చెయ్యలేదు. ఇది ఆయనే రాశారు. నేను చదివానంతే" అన్నాను. "ఆ నార్బర్ట్ గాడు నిన్ను బెదిరించి ఉంటాడు." "బెదిరించారు" అన్నాను. "బెదిరించకపోయినా ఇది నిజమే." ఆయన కోటు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయనతోపాటు ఇద్దరు లేచారు. ఈ ఉదయం కొట్లో హార్వే భార్య నన్ను చూసి పక్క వరసలోకి తిరిగింది. ఇరవై రెండేళ్ళు ఆమే నేనూ కలిసి చర్చిలో ప్రార్థన బల్ల మీద పూలు పెట్టిన వాళ్ళం.

ఇంకొకటి ఉంది. రాయకుండా ఉండొచ్చు, కానీ ఈ ఇంట్లో దాచడం ఇక చాలు. వాళ్ళు వెళ్ళాక ఆర్విల్ కదలకుండా కూర్చున్నారు. ఆయన ఆ రోజు మీకు ఎడమ పక్క అడ్డుకాసిన మనిషి. "మోచేతికి తగిలింది. నేను చూశాను" అన్నారు. ముప్ఫై ఏడేళ్ళు ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. "నార్బర్టే జార్చానన్నాడు. నన్నెవరూ అడగలేదు" అన్నారు. నాకాయన్ని కొట్టాలనిపించింది. నా జీవితంలో ఎవర్నీ కొట్టాలనిపించడం ఇదే మొదటిసారి. మీకు ఏమనిపిస్తుందో మీ ఇష్టం.

ఇదంతా జరుగుతుంటే మయ్ యియా పాచికలు చేతిలో పట్టుకుని అందరి మొహాలూ చూస్తోంది. పా హువా వాళ్ళ భాషలో చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఆవిడ విని మీ కార్డు తీసి తన ముందు పెట్టుకుని ఏదో అంది. ఏమందని అడిగాను. "తమ్ముడి కోసం అంత చేసిన మనిషి ఇంకా బతికే ఉన్నాడు కదా, ఇంటికెందుకు రాలేదు అంటోంది" అని చెప్పింది. ఆ జవాబు నాది కాదు. మీరే చెప్పాలి.

తర్వాత ఆట ఆడాం. నేను కూడా కూర్చున్నాను, మనుషులు తక్కువయ్యారు కాబట్టి.

మా ఆయన మీద నాకు కోపంగా ఉంది. మీ మీద కూడా. మీరు మంచి పని చేసి దాన్ని మాకందరికీ శిక్షగా మార్చారు. ఆయన చెడ్డ పని చేసి దాన్ని చిన్న గుర్తుగా మార్చారు. ఇద్దరిలో ఎవరు నాకు ముందే చెప్పి ఉన్నా, ఆయన బతికి ఉండగానే నేను మీ ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి గడియ వేసేదాన్ని. అందుకు మిమ్మల్ని క్షమించే బలం ఇమ్మని దేవుణ్ణి అడుగుతున్నాను. ఇంకా బలం రాలేదు.

పెట్టె పంపను. మాట ప్రకారం అది ఇక్కడిదే. కార్డు మీద పదకొండునూ చెరపను, నక్షత్రాన్నీ చెరపను. ఆయన చేతిరాత అది.

హార్వే ఇక రారట. కబురంపారు. ఆ కుర్చీ మీ మూలంగా ఖాళీ అయ్యింది. గురువారం ఏడింటికి మొదలుపెడతాం. ట్రక్కు వేసుకొస్తే చర్చి వెనక పక్క ఆపండి, ముందు మంచు ఇంకా తీయలేదు. నాలుగో ప్రయత్నంలో బంతి తన్నే మాట మాత్రం వాళ్ళ ముందు ఎత్తకండి. ఏడుంపావు దాకా చూస్తాను. ఆ తర్వాత వచ్చినా సరే, కూర్చోబెట్టను.

వెర్నా